గృహమే ప్రథమాలయము – నియమమునకు హద్దేది?

ఆపస్తంబ, ఆశ్వలాయన, బౌధాయనాది మహర్షులు ప్రసాదించిన కల్పవాఙ్మయమున ఒక భాగమునకు గృహ్యసూత్రములని పేరు. గృహస్థుడు ధర్మపత్నీ సమేతుడై తన యింటి అగ్నియందు ఆచరింపవలసిన కర్మలను బోధించుటచే ఆ పేరు సార్థకమైనది. వివాహవేదికపై ప్రజ్వలించిన అగ్నిని దంపతులు వెంట గొనిపోయి, ఔపాసనాగ్నిగా నిత్యము ఉపాసింపవలెనని విధి. అరుంధతీ దర్శనమునకు కావలసినది ఇంటి వాకిలి, దానిపై ఆకాశము. ఆలయము లేని గ్రామమున గూడ వైదికధర్మము నిలిచియుండుటకు ఈ గృహాగ్నియే కారణము.

ఇట్టి గృహద్వారమున నేడు నియమావళి వచ్చి నిలిచినది. మతపరమైన కార్యక్రమములకు తావు లేదనియు, హోమమునకు ముందస్తు అనుమతి కావలెననియు, పెండ్లిపందిరి వేయరాదనియు నివాస సముదాయముల సంఘములు తీర్మానించుట నగరజీవితమున అపూర్వము కాదు. అదే ప్రాంగణమున జన్మదిన వేడుకలకును, నూతన సంవత్సరపు అర్ధరాత్రి విందులకును అభ్యంతరము లేకున్నచో, ఆ నియమము కాపాడుచున్నది శాంతినా? కాదు. శబ్దము రెండింటను కలదు, జనసమూహము రెండింటను కలదు, వాహనముల రద్దీ రెండింటను కలదు. మొదటిదానిలో మాత్రమే లేనిది దేవుడు. ఆ ఒక్క భేదమును బట్టి నిషేధము విధించుట నియమపాలన అనిపించుకొనదు, అది పక్షపాతము.

‘ఆలయములున్నవి గదా, కల్యాణమండపములున్నవి గదా, ఇంటిలోనే యేల?’ అని కొందరి ప్రశ్న. శ్రాద్ధము, నిత్యదేవతార్చన, గృహప్రవేశము ఇంటికి చెందిన కర్మలు. వానిని వేరొకచోటికి తరలింపుమనుట ఆ కర్మల స్వరూపమునే ఎరుగకపోవుట. ఇక వివాహమన, కల్యాణమండపముల వాడుక విస్తరింపక పూర్వము తెలుగునాట కన్యాదాత యింటి ముంగిట తాటాకు పందిరి క్రిందనే అయిదు రోజుల పెండ్లిండ్లు జరిగినవి. మండపపు అద్దెకు అప్పుచేయలేని తండ్రికి నేటికిని అదియే శరణ్యము. ఇంట పెండ్లి నిషేధించుట యనగా సంస్కారమునకు ధర నిర్ణయించుట. ఆ ధర చెల్లించువాడు ధనికుడు కాడు.

శాసనము ఈ విషయమున శాస్త్రమునకు విరోధి కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఏడవ విభాగము, వధూవరులలో ఎవరి ఆచారమును అనుసరించియైనను వివాహము జరుగవచ్చునని చెప్పినది. సప్తపది ఆచారముగా గలచోట ఏడవ అడుగుతో వివాహము సంపూర్ణమగునన్నది. ఆ విభాగము మండపమును అడుగలేదు, అడుగులను మాత్రమే అడిగినది. 2024లో సుప్రీంకోర్టు సైతము, హిందూ వివాహము ఆటపాటలకును విందు వినోదములకును ఏర్పడిన వేడుక కాదనియు, విధ్యుక్తముగా జరుగవలసిన పవిత్ర సంస్కారమనియు స్పష్టము చేసినది. అంతకు డెబ్బది సంవత్సరములకు పూర్వమే, 1954లో, శిరూరు మఠము వ్యాజ్యమున అదే న్యాయస్థానము, మతమనగా విశ్వాసము మాత్రమే కాదనియు, పూజావిధులు, కర్మకాండలు కూడ దాని అంగములేయనియు నిర్ణయించెను. రాజ్యాంగపు 25వ అధికరణము ఆచరణస్వేచ్ఛను గూడ రక్షించుట ఇందుచేతనే.

అయితే ఆ అధికరణము ప్రారంభమే ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యమునకు లోబడి అని ఉన్నది. ఆ మాటలను మింగివేసి తక్కిన భాగమును మాత్రము ఉచ్చరించు భక్తులు ధర్మమునకు చేయు అపకారము, నిషేధించు సంఘములు చేయు అపకారమునకు తీసిపోదు. ఇంటి మిద్దెపై ధ్వనివర్ధకమును కట్టి, వీధికంతయు వినబడునట్లు పూజ సాగించి, ప్రక్కయింటి రోగి వేడికొనినను తగ్గింపక, ‘ఇది మా మతస్వేచ్ఛ’ యని పలుకుట ఏ సూత్రకారుని మతము?

2000 సంవత్సరమున మద్రాసు నగరపు ఒక కాలనీవాసులకును, అచటి చర్చికిని నడుమ జరిగిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును బోధింపలేదనియు, ధ్వనివర్ధకముల ద్వారానే ప్రార్థింపుమని ఏ మతమును విధింపలేదనియు దాని సారము. ప్రతివాది అన్యమతస్థుడగుటచే ఆ తీర్పును చూచి సంతసించిన హిందువు, అది తన యింటి గుమ్మమునకును వర్తించునని గ్రహింపవలెను. ఆ యేటనే వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నియమములు నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను పరిమితిగా విధించినవి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు, మూసిన సభామందిరములు మొదలగు మినహాయింపులు తప్ప, ధ్వనివర్ధకములను, వాద్యములను మ్రోగింపరాదు.

తెలుగువారి లగ్నములు తరచుగా అర్ధరాత్రి దాటిన పిదప వచ్చును. కావున ఈ నియమము వారిని సూటిగా తాకును. అప్పుడు విడువవలసినది దేనిని? ముహూర్తమునా, గట్టిమేళమునా? మంత్రము లేని వివాహము శాస్త్రదృష్టిని వివాహమే కాదు. మేళము మంగళకరమే, కాని అది మంత్రస్థానమును ఆక్రమింపదు. ముహూర్తము జరుగును, మంత్రము సాగును, జీలకర్ర బెల్లము శిరస్సున నిలుచును. డోలు మాత్రము సూర్యోదయమునకు వేచియుండును. ఇందు మతమునకు కలిగిన హాని ఏమియు లేదు. మనుస్మృతి వాచికజపము కంటె ఉపాంశువును, ఉపాంశువు కంటె మానసజపమును శ్రేష్ఠమని చెప్పినది. స్వరము తగ్గినకొలది ఫలము పెరుగునను సంప్రదాయమునకు వారసులైనవారు ధ్వనివర్ధకమును ప్రాణప్రదముగా పట్టుకొనుట విచిత్రము.

కాబట్టి ఉభయపక్షములకును ఒకే తులాదండము కావలెను. జన్మదిన విందునకు అనుమతించినదానిని సత్యనారాయణ వ్రతమునకు నిరాకరింపరాదు. జన్మదిన విందునకు నిరాకరించినదానిని సత్యనారాయణ వ్రతము పేర కోరరాదు. బాల్కనీలో మాంసము కాల్చు బొగ్గుపొయ్యికి అనుమతి యుండి హోమకుండమునకు లేకున్నచో, అచట ఉన్నది అగ్నిభయము కాదు, ధర్మవైముఖ్యము. బొగ్గుపొయ్యికి సైతము అనుమతి లేనిచోట హోమకర్త ఇసుక పరచిన ఉమ్మడి ఆవరణకు దిగివచ్చుట న్యాయము.

ఈ తులాదండము భారతదేశమునకే పరిమితము కాదు. కోవిడ్ కాలమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఒక యింట మూడు కుటుంబములకు మించి కూడరాదని నిర్బంధించినది. ఇండ్లలో బైబిలు పఠనము జరుపుకొనువారు దానిని ప్రశ్నింపగా, 2021 ఏప్రిల్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యముతో వారికి ఊరట కల్పించినది. క్షౌరశాలలలో, దుకాణములలో అంతకు మించినవారు కూడవచ్చునన్నప్పుడు ప్రార్థనకు మాత్రము కఠినత యేల యనునది అధికసంఖ్యాక న్యాయమూర్తుల ఆశయము. ఇంటిలోని ప్రార్థనను ఇంటిలోని విందుతోనే పోల్చవలెననియు, రెండింటికిని ఒకే పరిమితి యున్నందున వివక్ష లేదనియు భిన్నాభిప్రాయము వెలిబుచ్చినవారి వాదము. దేనితో పోల్చవలెనన్న విషయమున వారు విభేదించిరి. పోల్చి చూడవలెనన్న విషయమున ఇరుపక్షములును ఏకీభవించినవి. ఆ రాష్ట్రమున నివసించు వేలాది తెలుగు కుటుంబముల వ్రతములకును ఆ తీర్పు వర్తించినది.

ఇచట ఒక సత్యమును దాచరాదు. మౌలికహక్కులు ప్రధానముగా రాజ్యమును కట్టడి చేయునవి. అపార్టుమెంటు సంఘము సామాన్యముగా రాజ్యము కాదు. అది సభ్యుల ఒడంబడికపై నడచు సంస్థ. సంఘ కార్యదర్శి యెదుట 25వ అధికరణమును చదివినంతమాత్రమున పందిరి లేవదు. గృహస్థుని కర్మక్షేత్రము సర్వసభ్య సమావేశము. ఆ సమావేశమునకు ఎన్నడును పోక, తీర్మానములపై కనులు మూసి సంతకము చేసి, తన కుమార్తె పెండ్లినాడు మాత్రము ధర్మము గుర్తునకు తెచ్చుకొనువాడు ఇతరులను నిందించుటకు అర్హుడు కాడు. ‘మతపరమైన’ అను పదమును నియమావళి నుండి తొలగించి, దాని స్థానమున శబ్దము, పొగ, వేళ, వాహనములు, జనసంఖ్య అను హేతువులనే నిలుపుమని అతడు ముందుగానే కోరవలెను. హేతువును చెప్పగల నియమము అన్ని మతములకును, మతము లేనివారికిని సమానముగా వర్తించును.

గృహస్థునకు పంచమహాయజ్ఞములు విధింపబడినవి. అందు దేవయజ్ఞముతోపాటు మనుష్యయజ్ఞము కూడ ఉన్నది. ప్రక్కయింటివారిని నిద్రకు దూరము చేసి దేవయజ్ఞమును పూర్తిచేసినవాడు మనుష్యయజ్ఞమును భంగపరచినవాడే. వ్రతమునకు ముందుదినము పొరుగువారి తలుపు తట్టి, వేళ చెప్పి, ప్రసాదమునకు ఆహ్వానించు గృహస్థుడు రెండు యజ్ఞములను ఒక్కమారే ఆచరించుచున్నాడు. అట్టివాని యింటి అగ్నిని ఆర్పుమని శాసించు అధికారము ఏ సంఘమునకును లేదు. ఆ అధికారము తమకున్నదని భావించువారు ముందుగా తమ నూతన సంవత్సరపు విందు దీపములను ఆర్పవలెను.

ఇతి శమ్.