అమృత విలాస్‌కు మనం పడ్డ బాకీ

తెలుగు హాస్యం మీద సభ ఎక్కడ జరిగినా అవే పేర్లు వినిపిస్తాయి. గురజాడ గిరీశం, చిలకమర్తి గణపతి, మొక్కపాటి బారిస్టర్ పార్వతీశం, ముళ్లపూడి బుడుగు, ఆ తర్వాత జంధ్యాల సినిమాలు. ఆ పేర్లన్నిటికీ నేనూ చేతులెత్తి మొక్కుతాను. అయితే జంధ్యాల దగ్గరికి రాగానే వక్తలు ముగింపులోకి వెళ్లిపోతారు, ఆ తర్వాత తెలుగువాడు నవ్వనే లేదన్నట్టు. ఆరేళ్ల పాటు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టిన 'అమృతం' పేరు వేదిక మీద ఎత్తేవాళ్లు నాకు తారసపడలేదు. మనమే గుర్తుచేస్తే, "అది టీవీ సీరియల్ కదండీ" అని తీసిపారేస్తారు. ఆ చులకన నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఒక గొప్ప పనికి దక్కాల్సిన మర్యాద దక్కలేదని గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమృతం 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా నడిచింది. మొత్తం 313 ఎపిసోడ్లు. అంతకుముందు 'లిటిల్ సోల్జర్స్' సినిమా తీసిన గుణ్ణం గంగరాజు జస్ట్ ఎల్లో సంస్థ తరఫున దీన్ని నిర్మించారు. ఎపిసోడ్‌కు ఇరవై నిమిషాలు లెక్కేసుకున్నా వంద గంటలు దాటిన హాస్యం అది. నలభై సినిమాల నిడివి. అంత పనిని వారం వారం గడువు తరుముతుంటే, సినిమాకు పెట్టే ఖర్చులో చిన్న వంతుతో, నాలుగు గోడల మధ్య, గుప్పెడు మంది నటులతో చేసి చూపించారు. ఒక సినిమాలో రెండు కామెడీ సీన్లు పండితేనే ఆ రచయితను ఆకాశానికెత్తే మనం ఈ వంద గంటలను ఏ పద్దులో వేశాం?

నేను దీనికి వీరాభిమానినైంది సొంతూళ్లో, జెమినీ టీవీ ముందు కూర్చుని కాదు. సీరియల్ ఆగిపోయిన కొన్నేళ్లకు, ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాక, మారతహళ్లిలో ఒక పీజీ గదిలో. అనంతపురం వాడొకడు, భీమవరం వాడొకడు, కరీంనగర్ వాడొకడు, నేను. రాత్రి కంచాలు పట్టుకుని లాప్‌టాప్ చుట్టూ చేరేవాళ్లం. మొదట తిండి సహించక దాన్ని మరిచిపోవడానికి చూశాం. తర్వాత అమృతం పెట్టందే ముద్ద దిగేది కాదు. అవి రాష్ట్ర విభజన మాట రోజూ వార్తల్లో రగులుతున్న రోజులు. హీరోల విషయంలో మాకు పడేది కాదు, రాజకీయం వస్తే అసలే పడేది కాదు. సీరియల్లో హోటల్ వడ్డనవాడు సర్వం తెర మీదికి వచ్చాడంటే మాత్రం నలుగురం ఒక్కసారే నవ్వేవాళ్లం. "రేయ్ మామా, నువ్వు అచ్చం ఆంజనేలువి రా" అని, అందులో హీరో స్నేహితుడి పేరు పెట్టి కరీంనగర్ వాడు భీమవరం వాణ్ని అంటే, వాడది బిరుదులా స్వీకరించేవాడు. ఏ ప్రాంతాన్నీ ఏ యాసనూ ఎగతాళి చేయకుండా రాసిన హాస్యం కాబట్టే ఆ గదిలో ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సంగతో అప్పుడు పక్క రాష్ట్రాల్లో బతికిన తెలుగువాళ్లను అడగండి, చెబుతారు.

ఇక కథ. అమృతరావుకు ఉన్నపళాన డబ్బున్నవాడైపోవాలి. వారానికో ఉపాయం తడుతుంది. ఆ ఉపాయానికి మూల్యం చెల్లించేది పక్కింటి స్నేహితుడు ఆంజనేయులు. ఇద్దరూ కలిసి నడిపే హోటల్ అమృత విలాస్. అందులో వడ్డించే సర్వం ఏ మాటనైనా తన లెక్కలోనే అర్థం చేసుకుంటాడు. ఇద్దరి అద్దె ఇళ్ల యజమాని అప్పాజీ. ఆయన గొంతు వినపడితే చాలు, భార్యాభర్తలు నలుగురూ నిటారుగా నిలబడతారు. సంజీవిని, శాంత, ఇద్దరు భార్యలూ మొగుళ్ల కన్నా వివేకం గలవాళ్లు. ఇంతే సరంజామా. ఈ కొద్దిమంది మధ్యే 313 సార్లు నవ్వు పుట్టించారు.

ఈ హాస్యానికి విత్తు మనుషుల స్వభావంలోనే ఉంది. అమృతరావు ఒక అబద్ధం చెబుతాడు. అది నిలబడాలంటే ఇంకోటి కావాలి. దాన్ని మోయడానికి ఆంజనేయులు కావాలి. ఆంజనేయులి భయమో, సర్వం నిజాయితీయో ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది. చివరికి అంతా అప్పాజీ కాళ్ల దగ్గరికి చేరుతుంది. చూసేవాడికి ముందే తెలుస్తుంది కూలిపోతుందని. ఎలా కూలుతుందో తెలియదు. ఇరవై నిమిషాల్లో ముడి వేసి, బిగించి, విప్పడం నాటకం బాగా ఎరిగినవాళ్లు చేసే పని. లావుగా ఉన్నవాణ్ని చూసి నవ్వమనలేదు. నల్లగా ఉన్నవాళ్లను చూసి నవ్వమనలేదు. ఆడవేషం వేసిన మగవాణ్ని కొట్టి నవ్వించాల్సిన అవసరం పడలేదు. తర్వాతి కాలంలో టీవీ కామెడీ పేరిట మన ఇళ్లలోకి వచ్చినవాటిని తలుచుకుంటే అమృతం పాటించిన మర్యాద విలువ తెలుస్తుంది. అమ్మమ్మ పక్కన, పిల్లల పక్కన కూర్చుని రిమోట్ కోసం తడుముకోకుండా చూడగలిగిన హాస్యం అది.

బెంగళూరులో చూస్తే దానిలో మరో అర్థం కూడా కనిపిస్తుంది. పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకుని, చుట్టాలు వస్తే నీళ్ల లెక్క తీసే ఇంటి యజమాని ఈ ఊళ్లో అద్దెకున్న ప్రతివాడికీ ఎదురయ్యాడు. అందుకే అప్పాజీ మాకు కల్పిత పాత్రలా అనిపించడు. కోరమంగళలోనూ హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లోనూ కొత్త కంపెనీ పెట్టి, ఉన్న ఉద్యోగం వదిలేసి, స్నేహితుడి పొదుపు కూడా అందులో కలిపేసిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో అమృతరావు ఉన్నాడు, వాళ్ల వెనక ఒక్క మాట అనకుండా నిలబడ్డ ఆంజనేయులు ఉన్నాడు. బెంగళూరు స్టార్టప్‌ల మోజు ముదరడానికి ఎన్నో ఏళ్ల ముందే, వ్యాపారం పెట్టి నష్టపోయి మర్నాడు మళ్లీ షట్టరు ఎత్తే తెలుగు మధ్యతరగతి మనిషి కథను అమృతం చెప్పేసింది. అందులో ఓటమి వారం వారం వస్తుంది. అయినా ఎవరూ ఎవరినీ వదిలి వెళ్లిపోరు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన టైటిల్ పాట సారాంశమూ ఇదే: కష్టాన్ని మరీ పెద్దది చేసుకోకు, నవ్వి లేచి నడువు. కల్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ పాట తెలుగులో ధైర్యం చెప్పే పాటల్లో మొదటి వరసలో నిలుస్తుంది. సిరివెన్నెల సాహిత్యం మీద మాట్లాడేవాళ్లు సినిమా పాటల దగ్గర ఆగిపోయి దీన్ని దాటేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నటుల సంగతికి వస్తే నా బాధ ఇంకా ఎక్కువ. అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేశారు. ముఖ్య పాత్రధారి ఇన్నిసార్లు మారినా నిలబడిన సీరియల్ ఇది. పాత్ర ఎంత బలంగా పుట్టిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ, శాంతగా రాగిణి, సంజీవినిగా తొలి రోజుల్లో ఝాన్సీ. అందరికీ ఊతకర్రలా నిలిచింది ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు. విజయవాడ నాటక రంగం నుంచి వచ్చిన మనిషి. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'తో సినిమాలకు పరిచయమయ్యారు. సినిమా ఆయనకు ఎక్కువగా ఇచ్చింది చిన్న చిన్న వేషాలు. భయం, ఆశ, స్నేహం, ఉక్రోషం అన్నీ ఒకే ముఖంలో పలికించే అవకాశం ఏళ్ల తరబడి ఇచ్చింది అమృతమే. జంధ్యాల తయారుచేసిన బాట అమృతంలోకే సాగిందనడానికి ఆయనే నిదర్శనం. 2018 ఫిబ్రవరి 19న ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన ముఖం ఇవాళ ప్రతి ఫోనులోనూ మీమ్‌గా తిరుగుతోంది. దాన్ని పంపే కుర్రాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

అమృతం ఒక బడి కూడా. తొలి ఎపిసోడ్ల దర్శకుల్లో ఒకరైన చంద్రశేఖర్ యేలేటి ఆ తర్వాత గంగరాజు నిర్మాణంలోనే 'ఐతే' తీశారు. అది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. అమృతం కోసం కలం పట్టిన హర్షవర్ధన్ తర్వాత 'గుండెజారి గల్లంతయ్యిందే', 'మనం' సినిమాలకు మాటలు రాశారు. ఆ సినిమాల గురించి వ్యాసాలు వచ్చాయి, సభలు జరిగాయి. వాళ్లకు చేయి తిరిగిన చోటు గురించి రెండు వాక్యాలు రాసేవాళ్లు లేరు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో టీవీ సీరియళ్లకు చోటే లేదు. అక్కడ లేని గౌరవాన్ని మన పత్రికలు, మన విశ్వవిద్యాలయాలు, మన సాంస్కృతిక సంఘాలు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు.

ఇక్కడ బెంగళూరులో కన్నడిగులను చూసి నేర్చుకుందాం. మా ఆఫీసులో కన్నడ మిత్రులు 'పాప పాండు', 'సిల్లీ లల్లీ' మాట వస్తే చిన్నపిల్లలైపోతారు. వాటి వెనకున్న సిహికహి చంద్రు పేరు గౌరవంగా పలుకుతారు. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం 'మాల్గుడి డేస్'గా తీసింది ఎక్కువగా ఆగుంబేలో. ఆ చిత్రీకరణ కొంత జరిగిన శివమొగ్గ జిల్లా అరసాళు పాత రైల్వే స్టేషన్ భవనాన్ని 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చారు. ఒక టీవీ సీరియల్ కోసం ఒక రైల్వే స్టేషన్! బ్రిటన్‌లో 'ఫాల్టీ టవర్స్' అనే సీరియల్ ఉంది. అదీ ఒక హోటల్ కథే. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తమ దేశపు వంద ఉత్తమ టీవీ కార్యక్రమాల జాబితా వేస్తే దానికి మొదటి స్థానం ఇచ్చింది. దాని స్క్రిప్టులన్నీ పుస్తకంగా దొరుకుతాయి. రచన నేర్చుకునే పిల్లలు వాటిని చదువుకుంటారు. పన్నెండు ఎపిసోడ్ల హోటల్‌కు వాళ్లిచ్చిన గౌరవంలో పదో వంతైనా 313 ఎపిసోడ్ల అమృత విలాస్‌కు మనం ఇచ్చామా?

"అందరూ ప్రేమిస్తూనే ఉన్నారు కదా, ఇంకేం కావాలి?" అంటారు కొందరు. నిజమే, యూట్యూబ్‌లో ఈనాటికీ చూస్తున్నారు. 2020 ఉగాది రోజున, దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన మార్చి 25నే, దానికి కొనసాగింపుగా 'అమృతం ద్వితీయం' జీ5లో మొదలైంది. ఎల్.బి. శ్రీరామ్ ఆంజనేయులయ్యారు. ఊళ్లకు వెళ్లే దారి లేక బెంగళూరు గదుల్లో ఇరుక్కుపోయిన మాలాంటివాళ్లం ఆ రోజుల్లో పాత ఎపిసోడ్లను కూడా మొదటి నుంచీ తిరగేశాం. ప్రేమకు కొదవ లేదు. అయితే రచయిత పేరు, నటుడి పేరు, సందర్భం ఏదీ లేకుండా ముప్పై సెకన్ల ముక్కలుగా కోసుకుని పంచుకునే ప్రేమ ఆ పనిని కాపాడదు. పాత టీవీల దాదాపు చదరపు చట్రంలో తీసిన ఆ బొమ్మను ఫోను తెరకు సరిపడేలా పైనా కిందా నరికేస్తున్నారు. ఇంకో తరం గడిస్తే ముఖాలు మిగులుతాయి, కథలు పోతాయి.

కాబట్టి నా విన్నపాలు ఇవి. అమృతం అసలు టేపులను ఒక సంస్థ బాధ్యతగా తీసుకుని, శుభ్రం చేసి, రచయితలు, దర్శకులు, నటుల పూర్తి వివరాలతో భద్రపరచాలి. ఎంపిక చేసిన ఎపిసోడ్ల స్క్రిప్టులు తెలుగులో పుస్తకంగా రావాలి. నాటక శాఖలు, జర్నలిజం శాఖలు వాటిని పాఠంగా పెట్టాలి. బెంగళూరు వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి మొదలుకొని విదేశాల్లోని తెలుగు సంఘాల దాకా, ఉగాది వేడుకల్లో పాటల పోటీల మధ్య ఒక సాయంత్రం అమృతానికి కేటాయించాలి. రాసినవాళ్లనూ నటించినవాళ్లనూ వాళ్లు మన మధ్య ఉండగానే వేదిక మీదికి పిలవాలి. గుండు హనుమంతరావు విషయంలో ఆ అవకాశం మనం పోగొట్టుకున్నాం.

చదువుతున్న మీకూ ఒక మాట. ఈ ఆదివారం మీ పిల్లలకు ఒక ఎపిసోడ్ మొదటి నుంచి చివరి దాకా చూపించండి. చూపించేటప్పుడు ఇది గుణ్ణం గంగరాజు తీశారని, ఈ పాట సిరివెన్నెల రాశారని, ఈ ఆంజనేయులు పేరు గుండు హనుమంతరావు అని చెప్పండి. తెలుగు హాస్య చరిత్రలో జంధ్యాల తర్వాతి అధ్యాయం అమృతమే. ఆ అధ్యాయం లేకుండా రాసిన చరిత్ర ఏదైనా అసంపూర్ణం.