మొదటి కోత ఎవరికి?

పురపాలక సంఘాల ఖజానా ఖాళీ అయినప్పుడల్లా కార్మికులకు వినవచ్చే జవాబు ఒక్కటే: ‘‘మా చేతుల్లో ఏమీ లేదు.’’ ఈ మాటలో సగం నిజమున్నది. మిగిలిన సగం చాటున దాగిన నాయకులెందరో!

కోవిడ్ సంక్షోభం నడుమ 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు అదనపు అప్పు అనుమతిస్తూ షరతులు విధించింది. రాష్ట్ర స్థూలోత్పత్తిలో 0.25 శాతం మేరకు రుణం కావాలంటే ఆస్తిపన్నును ఆస్తి విలువతో ముడిపెట్టాలి. నీటికీ, మురుగునీటి పారుదలకూ ఖర్చు రాబట్టే రుసుములు విధించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది ముగియకముందే అందుకు తలవంచింది. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిళ్లు కొలువుదీరేనాటికి నిర్ణయం జరిగిపోయింది. ఆ పైన చెత్త సేకరణకూ రుసుము వచ్చింది. ప్రజలు దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు.

గడపగడపకూ వెళ్లి నిష్ఠూరాలు పడినవారు ఎవరు? చిరుద్యోగులే. అవే పట్టణాల పారిశుద్ధ్య కార్మికులు 2023 డిసెంబరు చివర జీతాల కోసం, పర్మినెంటు కోసం సమ్మెకు దిగవలసి వచ్చింది. పన్ను పెరిగింది, చెత్త ఎత్తే చేతికి మాత్రం సమ్మె తప్పలేదు! ప్రభుత్వం మారిన పిదప 2024లో చెత్త పన్ను రద్దయింది. కాని దానిని మోసిన కౌన్సిలర్ల పరపతి అప్పటికే కరిగిపోయింది.

వేరొక దారి లేకపోలేదు. 1921లో తూర్పు లండన్‌లోని పోప్లర్ బరో కౌన్సిలర్లు, జార్జి లాన్స్‌బరీ నాయకత్వాన, లండన్ కౌంటీకి చెల్లించవలసిన వాటాను వసూలు చేయ నిరాకరించారు. ముప్ఫైమంది జైలుకు వెళ్లారు. పేదల పోషణ ఖర్చును ధనిక బరోలు కూడా పంచుకొనేలా ఆ ఏడాదే చట్టం వచ్చింది. ఆ కౌన్సిల్ అంతకుముందే తన కార్మికులకు, స్త్రీ పురుష భేదం లేకుండా, వారానికి నాలుగు పౌండ్ల కనీస వేతనం నిర్ణయించి ఉన్నది. ఊరు వారి వెంట నిలవడానికి కారణం అదే.

ఎర్రజెండా ఒక్కటే ఆమోదాన్ని తెచ్చిపెట్టదని కూడా ఒప్పుకొనవలె. 1985లో లివర్‌పూల్ కౌన్సిల్ కేంద్ర ప్రభుత్వపు కోతలను ఎదిరిస్తూనే, గడువు సంపాదించే ఎత్తుగడ పేరిట, తన 31,000 మంది ఉద్యోగులకు తొలగింపు నోటీసులు అద్దె టాక్సీలలో పంపింది. సొంత కార్మికుల చేతికి అటువంటి కాగితమిచ్చిన వారిని ఎవరు నమ్ముతారు?

మేము ఎందరో ఛైర్మన్ల ఎదుట కూర్చున్నాము. సానుభూతి చూపినవారు అనేకులు, జమాఖర్చుల పుస్తకం చూపినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమంది ఊళ్లలో జీతం ఆలస్యమైనా కార్మికులు ఓర్చుకున్నారు.

కనుక పురపాలక ఎన్నికలు వచ్చిన ప్రతిచోట మన శాఖలు అభ్యర్థులను మూడు ప్రశ్నలు అడగాలి. ఖాతాలు బహిరంగపరుస్తారా? కాంట్రాక్టరు బిల్లు కంటే ముందు కార్మికుని జీతం చెల్లిస్తారా? రాష్ట్ర ప్రభుత్వపు షరతులను కౌన్సిల్ తీర్మానం ద్వారా ఎదిరిస్తారా? జవాబులు లిఖితపూర్వకంగా తీసుకొని వార్డులలో అంటించవలసిందిగా కోరుతున్నాము.