కలిసి చూసిన బొమ్మ

సినిమా ఒంటరిగా చూస్తే ఏం రుచి చెప్పండి! పక్కన నవ్వేవాళ్లు ఉండాలి. 2020లో కరోనా అందర్నీ ఇళ్లల్లో కట్టిపడేసినప్పుడు, ఎవరింట్లో వారుండి ఒకే బొమ్మను ఒకేసారి చూసే పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే మన తెరను అవతలివారికి చూపించవచ్చు.

మొన్న ఆదివారం మా అమ్మ, డల్లాసులో ఉన్న మా అమ్మాయి అలాగే ‘మాయాబజార్’ చూశారు. మనకు రాత్రి ఏడున్నర, అక్కడ ఉదయం తొమ్మిది. 1957 నాటి ఆ చిత్రం అమ్మకు కంఠతా వచ్చు. శశిరేఖ ప్రియదర్శిని పేటిక తెరిచి, దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూసుకునే ఘట్టం వచ్చేసరికి అమ్మ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లింది. మనవరాలు బొమ్మ అక్కడే ఆపేసింది.

కాసేపటికి అమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, “కూర మాడుతోందే” అంది. ఆ పూట పొయ్యి మీద కూరే లేదు!

“ఫరవాలేదు అమ్మమ్మా, నీ కోసమే ఆపాను” అంది పిల్ల.

హాల్లో అయితే మనం లేచి వెళ్లినా బొమ్మ ఆగదు. ఇందులో ఆ సదుపాయం ఉంది. దూరాన ఉన్న పెద్దవాళ్లతో చూసేటప్పుడు, “మళ్లీ ఆపాలా?” అని విసుక్కోకండి. వారు వచ్చి కూర్చున్నాకే నడపండి.