ఒకే బల్ల, మూడు జీతాలు!

బయోటెక్నాలజీ చదివితే బతుకు మారుతుందన్నారు. 1999లో శామీర్‌పేట అవతల తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ మొదలైనప్పటి నుంచి ఇదే పాట. ఊరూరా డిగ్రీ కాలేజీలు ఆ గ్రూపు పెట్టినయ్. తల్లి నాటుకు పోయి, తండ్రి హమాలీ చేసి పంపిన మన మాల మాదిగ పిల్లలు స్కాలర్‌షిప్పు మీద చేరినారు. తెల్లకోటు తొడుక్కున్నారు. మరి నెల తిరిగితే చేతికొచ్చేదెంత?

కేంద్ర ప్రభుత్వ సి.ఎస్.ఐ.ఆర్. లాబుల్లో (హైదరాబాదు సి.సి.ఎం.బి. వాటిలో ఒకటి) బి.ఎస్సీ. చదివిన టెక్నికల్ అసిస్టెంటు మూల వేతనం 35,400 రూపాయలు. 2024 జనవరిలో కరువు భత్యం 50 శాతం, హైదరాబాదులో ఇంటద్దె భత్యం 30 శాతం అయినయ్. ఈ మూడూ కలిపితేనే 63,720. అదే పట్టాతో పక్కనే నిలబడే ప్రాజెక్టు అసిస్టెంటుకు 2020 నాటి ఉత్తర్వు ప్రకారం 20,000, దాని మీద ఇంటద్దె. ప్రాజెక్టు అయిపోయిన్నాడు కొలువూ ఖతం.

ఇక ప్రైవేటు లాబుల్లో ఏజెన్సీ కింద చేరిన మన పిల్లల్ని అడగండి. పన్నెండు వేలు, పదిహేను వేలు అంటారు. అందులోనే పి.ఎఫ్. కోత. యజమాని కట్టాల్సిన వాటాను కూడా ‘ప్యాకేజీ’లో కలిపి పెద్ద అంకె చూపిస్తారు. ఇ.ఎస్.ఐ. 21,000 లోపు జీతగాళ్లకే వర్తిస్తది. సైన్సు పట్టా ఉన్నోడి జేబులో ఆ కార్డు కనబడితే జీతమెంతని వేరే అడగక్కర్లేదు!

నైపుణ్యం లేదంటారు దొరలు. లేనోడి చేత పరీక్షలెందుకు చేయిస్తున్నరు? టీకా సీసా అయినా, సూది మందైనా, పరీక్ష పాసు కానిదే గేటు దాటదు కదా!

అసలు సంగతి వేరే ఉంది. పర్మినెంటు సర్కారీ పోస్టుకు రోస్టరుంది, మన వాటా ఉంది. ప్రైవేటు గేటు కాడ రిజర్వేషన్ ఆగిపోతది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక కొలువుల్లోనూ రిజర్వేషన్ ఉంటుందని 2023లో కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఏ నోటిఫికేషన్‌లో ఎంత అమలైందో అడిగినోళ్లెందరు? పర్మినెంటు పోస్టు తగ్గిన కొద్దీ మన జీతమూ పోతుంది, మన వాటా కూడా పోతుంది. ఒకే దెబ్బకు రెండు కోతలు.

2025 నవంబర్ 21 నుంచి అమలైన లేబర్ కోడ్‌లలో ఒకటి, సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూలీలు వద్దంటుంది. మినహాయింపులూ పెట్టుకుంది, అది వేరే కథ. మందుల కంపెనీలో పరీక్ష ముఖ్యమైన పని కాకపోతే మరేది? పారిశుధ్యాన్ని మాత్రం మామూలుగా ‘ముఖ్యం కాని’ పనుల్లో కలిపారు. ఊరు ఎవరిని ఊడవమందో, కోడ్ కూడా వాళ్లనే బయట నిలబెట్టింది.

అదే కోడ్ పనిచేసే వాళ్లకు నియామక పత్రం ఇవ్వాలంటుంది. లాబుల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దాన్ని అడిగి తీసుకోవాలి. అందులో ‘హెల్పర్’ అని రాసి మీ చేత పరీక్షలు చేయిస్తుంటే, ఆ కాగితమూ జీతం చీటీ జిరాక్సూ పట్టుకుని సంఘం దగ్గరికి రండి. పేర్లు బయటపెట్టం.