జెండా బట్ట ఎవరు కొన్నారు?

గోదావరిఖనిలో దర్జీగా బతికినవాడికి ఖాకీ తర్వాత అన్నం పెట్టింది జెండాయే. బొగ్గుబాయి పనికి పోయేవాళ్ల బట్టలు ఏడాది పొడుగునా కుడతాం, సంఘాల జెండాలు మాత్రం సీజన్‌లో కుడతాం. ఏఐటీయూసీ ఎరుపు, ఐఎన్‌టీయూసీ మూడు రంగులు, గేట్ మీటింగ్ ఉందంటే ముందురోజు రాత్రి వచ్చి పొద్దున ఫస్ట్ షిఫ్ట్‌కల్లా కావాలని కూర్చునేవాళ్లు. అందుకే కొత్త పార్టీ పుట్టినప్పుడల్లా నేను జనాన్ని లెక్కపెట్టను. లక్ష వచ్చారా, మూడు లక్షలు వచ్చారా అన్నది పేపర్లు చూసుకుంటాయి. నాకు కావలసింది ఒకటే: బట్ట ఎవరు కొన్నారు?

1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ ప్రకటించేనాటికి నేను మా బావ కొట్లో కాజాలు కుడుతున్నాను. అంతకుముందు ఏడాదే సింగరేణి బొగ్గుబాయిల్లో 56 రోజుల సమ్మె నడిచింది. సమ్మె చేస్తే జీతం కోసే చట్టం మీద జరిగిన సమ్మె అది. సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) పేరు గుసగుసగా వినబడుతున్న రోజులు, ఎర్రగుడ్డ కుట్టాలన్నా అటూ ఇటూ చూసుకునేవాళ్లం. అలాంటి ఊళ్లోకి పసుపు రంగు వచ్చిపడింది. సెకండ్ షిఫ్ట్ దిగిన పిల్లలు మొహాల మీద బొగ్గు పూర్తిగా పోకుండానే తలుపు కొట్టేవాళ్లు. తలా ఇంత చందా వేసుకుని, చౌరస్తాలో పసుపు పాప్లిన్ తాను కొని, భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. గుడిసె, నాగలి, చక్రం ఉన్న జెండాను మేము అప్పటికి పేపర్లోనే చూశాం. గోడల మీద రాతలు రాసే పెయింటర్ ఒకడు అట్టముక్క మీద బొమ్మ కోసి ఇచ్చాడు. ఆ అట్ట పెట్టి రంగు అద్దితే పాప్లిన్‌లో పాకేది. గుడిసె కాస్తా గడ్డివామయ్యేది. తడి ఆరకముందే మడతపెడితే ఒక జెండా నాగలి ఇంకో జెండాకు అంటుకునేది. ఎవరూ వంక పెట్టలేదు. కుట్టుకూలి దగ్గర మాత్రం బేరమాడేవాళ్లు, ఎందుకంటే డబ్బు వాళ్లది.

దాన్ని సినిమా పిచ్చి అని నవ్వినవాళ్లు ఊళ్లో చాలామందే. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ మార్చింది. వాళ్లలో అంజయ్య ఒకప్పటి కార్మిక నాయకుడు. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆయన్ని చిన్నబుచ్చిన సంగతి తట్టా చెమ్మస్ (పార) మోసి బొగ్గెత్తి, సర్దార్‌తో తిట్లు తిన్న ఫిల్లర్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు రూపాయలకు కిలో బియ్యం అన్న మాట సినిమా డైలాగు కాదు, ఇంట్లో డబ్బా అడుగు కనిపించే నెలాఖరు సంగతి. తొమ్మిది నెలలకు, 1983 జనవరిలో, 294 సీట్లలో రెండొందల చుట్టూ ఆ పార్టీవయ్యాయి.

రెండోసారి గులాబీ. 2001 ఏప్రిల్ 27న కేసీఆర్ డిప్యూటీ స్పీకర్ పదవి వదిలి టీఆర్ఎస్ పెట్టారు. మే 17న కరీంనగర్‌లో సింహగర్జన. మధ్యలో మూడు వారాలే. అప్పటికి మా ఊరి పరిస్థితి ఏమిటంటే, రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఏటికేడు తగ్గుతున్నారు. వీఆర్‌ఎస్ పేరెత్తితే ఇంట్లో ఆడవాళ్లకు గుండె దడ. కరెంటు చార్జీల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ఇంకా ఏడాది నిండలేదు.

గులాబీ బట్ట ఊళ్లో దొరకలేదు. ఆ రంగు అంతకుముందు ఏ పార్టీకీ లేదు మరి. రవికెలకు వేసే లైనింగ్ గుడ్డ తెచ్చారు కొందరు. ఒకాయన కూతురి లంగా కోసం దాచిన గుడ్డ పట్టుకొచ్చాడు. అసలు చిక్కు తెల్లగుడ్డతో తెలంగాణ పటం కత్తిరించడం. స్కూల్ అట్లాసు ముందు పెట్టుకుని సుద్దతో గీసుకున్నా కత్తెర తిరగని మూలలుంటాయి, ఖమ్మం తోక అలాంటిది. తొందరలో నా పటంలో ఆదిలాబాద్ లావైపోయింది, మహబూబ్‌నగర్ నడుము చిక్కింది. 'మన జిల్లా ఏడుందే కాకా?' అని ఒక పిలగాడు అడిగితే సుద్దతో చుక్క పెట్టి చూపించాను. లారీ కిరాయి వాళ్లదే, సద్ది మూట వాళ్లదే, ఆ రోజు నాగా పడితే పోయే మస్టరూ వాళ్లదే. కొద్ది నెలల్లోనే కరీంనగర్ జిల్లా పరిషత్ ఆ పార్టీ చేతికొచ్చింది.

ఆ ఉత్సాహం ఉత్తుత్తిది కాదని 2011 తేల్చింది. సకల జనుల సమ్మెలో సింగరేణి 35 రోజులు ఆగింది. జీతం లేని దసరా అది. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందని, కరెంటు ఆగితే హైదరాబాద్‌కు, ఢిల్లీకి వినబడుతుందని తెలిసి చేసిన పని. తెలంగాణ ఎవరు తెచ్చారన్న వాదులాటల్లో ఈ 35 రోజుల మాట ఒక వాక్యంలో దాటేస్తుంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మూడోది. 2022 అక్టోబర్ 5, దసరా రోజు టీఆర్ఎస్ కాస్తా బీఆర్ఎస్ అయింది. తెలంగాణ పటం పోయి భారతదేశ పటం వచ్చింది, నినాదం హిందీలోకి మారింది. మా ఊళ్లోనూ పటాకులు కాల్చారు, డప్పులు కొట్టారు. నా కొట్టుకు మాత్రం ఒక్కరూ రాలేదు. అచ్చేసిన పాలిస్టర్ జెండాలు కట్టలు కట్టలుగా దిగాయి. పటంలో ఏ మూలా లావు లేదు, చిక్కలేదు. ఏడాది తిరిగాక, 2023 డిసెంబర్‌లో, రామగుండం సీటు కాంగ్రెస్‌కు పోయింది. అదే నెలాఖరులో సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో మళ్లీ ఏఐటీయూసీ గెలిచింది. 2012లో, 2017లో గులాబీ సంఘాన్ని గెలిపించింది కూడా ఈ కార్మికులే.

దర్జీకి బేరం తగ్గింది కాబట్టి ఏడుస్తున్నాడని అనేవాళ్లు అనొచ్చు. కొంత నిజమే. ఆ పాలిస్టర్ జెండాలు చాలావరకు సిరిసిల్ల మగ్గాల మీదివే, ఎన్నికలొస్తే ఏ పార్టీకైనా, ఏ రాష్ట్రానికైనా జెండా గుడ్డ అక్కడ నేస్తారు. సాంచాలు నడిపే ఆ తమ్ముళ్ల నోటికాడి కూడు తీయాలని నాకేం లేదు. ఇది ఒక్క పార్టీ సంగతి కూడా కాదు, ఇవాళ ఏ రంగు జెండా చూసినా అంతే. నా పేచీ గుడ్డతో కాదు, బిల్లుతో. మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దు ఉంది. జెండాకింత, కండువాకింత, చాయ్‌కింత అని జిల్లా అధికారులు రేట్ల పట్టిక కూడా వేస్తారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం హద్దు లేదు. ఊరికే వచ్చిన జెండా పట్టుకున్నవాడు ఆ బిల్లు కట్టిందెవరని అడగలేడు. సొంత పైసలతో కుట్టించుకున్నవాడికి అడిగే నోరుంటుంది.

జెండా బిల్లు అడగని బొగ్గుబాయి మనిషి ఎక్కడైనా బుట్టలో పడతాడని అమెరికా ముచ్చట చూస్తే తెలుస్తుంది. 2016 మే 5న ట్రంప్ వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్ సభలో గని టోపీ నెత్తిన పెట్టుకుని పార పట్టినట్టు అభినయించాడు. కింద జనం చేతుల్లో ట్రంప్‌కు బొగ్గంటే ఇష్టమని రాసిన అట్టలు, అన్నీ ఒకే అచ్చు. గనుల మీద ఆంక్షలు తీసేస్తా, మళ్లీ పనిలోకి పంపిస్తా అన్నాడు. ఆ రాష్ట్రం ఓట్లు కుమ్మరించింది. ఆయన మొదటి నాలుగేళ్లు గడిచేసరికి అమెరికాలో బొగ్గు పనివాళ్లు పెరగలేదు, ఇంకా తగ్గారు. గ్యాస్ చవకైతే కరెంటు కంపెనీ బొగ్గు కొనదని ఆ గనివాళ్లకు తెలియక కాదు. తమ టోపీని అంత పెద్దమనిషి నెత్తిన పెట్టుకోవడం వాళ్లు అంతకుముందు చూడలేదు.

మా టోపీ కూడా చాలామంది పెట్టుకున్నారు. 2016లో సింగరేణిలో తండ్రి పని కొడుక్కిచ్చే వారసత్వ ఉద్యోగాల ప్రకటన వచ్చిన రోజు ఊళ్లో పాలాభిషేకాలు చేశారు. మరుసటేడు మార్చిలో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. చివరికి కారుణ్య నియామకాల దారి పట్టాల్సొచ్చింది. ప్రకటన రోజే కోర్టులో నిలుస్తుందా అని గట్టిగా అడిగితే పాలు మిగిలేవి.

సంఘాలు నడిపినవాళ్లను నేను అడిగేది ఇదే. బాయిలో సమ్మె చేయాలంటే ముందు నోటీసు ఇస్తారు, అందులో డిమాండ్లు వరుసగా రాస్తారు. మరి ఒక నాయకుడి కోసం లారీలెక్కి పోయేటప్పుడు ఆ కాగితం ఏది? 1982లోనూ లేదు, 2001లోనూ లేదు. పార్టీ పుట్టిన రోజు నాయకుడికి మన అవసరం, గెలిచిన తెల్లారి నుంచి మనకు ఆయన అవసరం. బేరమేదో ఆ మొదటి రోజే ఆడాలి. ఆ కాగితంలో మొదట రాయాల్సింది మారు పేర్ల సంగతి. ఎప్పుడో ఇంకొకడి పేరు మీద పనిలో చేరి, ఆ పేరుతోనే మస్టర్ పడి, ఆ పేరుతోనే దిగిపోయినవాళ్లున్నారు. కొడుకు సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఒకటి, కంపెనీ పుస్తకంలో ఇంకొకటి. ప్రతి ఎన్నికల్లో ప్రతి రంగు జెండా కింద ఈ మాట ఇచ్చారు. పిల్లల వయసు ఉద్యోగానికి దాటిపోతోంది.

మొన్న ఒక పిలగాడు వచ్చాడు, ఇంకో కొత్త జెండా వస్తుందట. 'జెండాలు పైనుంచే వస్తయి కాకా, కండువాలకు అంచు కుడితే చాలు' అన్నాడు. రేటు చెప్పాను. మారు పేర్ల మీద మీవాళ్లు ఏం రాశారో కాగితం తెచ్చి చూపిస్తే సగానికే కుడతానన్నాను. అడిగి చెప్తానని పోయాడు, ఇంకా రాలేదు.