కాటరీకి లైసెన్సు ఉంది, పెడల్ తొక్కేవారికి పరీక్ష లేదు

ఆపరేషన్ జరిగింది పొట్టకు. కాలిన గాయం తేలింది తొడ మీద. మత్తు దిగి వార్డుకు వచ్చిన రోగి పక్కకు ఒత్తిగిలబోతే మంట. దుప్పటి తీసి చూస్తే అరచేయంత మేర చర్మం కమిలి, బొబ్బ కట్టి ఉంటుంది. బంధువులు అడిగితే ప్లాస్టర్ పడలేదంటారు, మందు వికటించిందంటారు, ఎక్కువసేపు ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల ఒరుసుకుపోయిందంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ అలాంటి గాయం కనిపించినప్పుడు మొదట అనుమానించాల్సింది ఆపరేషన్ బల్ల పక్కనున్న ఒక పెట్టెను. దాన్ని థియేటర్ సిబ్బంది అంతా ‘కాటరీ’ అంటారు.

ఆ పేరులోనే తిరకాసు ఉంది. కాటరీ అంటే కాల్చిన లోహంతో వాత పెట్టడం. అందులో కరెంటు రోగి ఒంట్లోకి వెళ్లదు, వేడి మాత్రమే తగులుతుంది. నేటి ఎలక్ట్రోసర్జరీ యంత్రం చేసే పని వేరు. అది సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకునే కరెంటును పెన్సిల్ లాంటి పరికరం మొన నుంచి రోగి శరీరంలోకి పంపుతుంది. తొడకో పిరుదుకో అంటించిన ప్లేటు ద్వారా ఆ కరెంటు తిరిగి యంత్రానికి చేరుతుంది. ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు నరాలను, కండరాలను పట్టి కుదిపేస్తుంది. లక్ష హెర్ట్జ్ దాటాక ఆ కుదుపు ఉండదు, వేడి పుడుతుంది. ఆపరేషన్ జరిగినంతసేపూ రోగి ఆ సర్క్యూట్‌లో ఒక తీగలాంటివాడు. కాటరీ అన్న పేరు మరుగుపరిచేది సరిగ్గా ఈ విషయాన్నే.

పెన్సిల్ మొన దగ్గరా, ప్లేటు దగ్గరా పారేది ఒకే కరెంటు. మొన సన్నం కాబట్టి అక్కడ కండ కోసుకుపోతుంది. ప్లేటు వెడల్పు కాబట్టి చర్మం గోరువెచ్చన కూడా కాదు. ఆ ప్లేటు సగం ఊడిపోతే, రోమాలున్న చోటో ఎముక మీదో అంటిస్తే, కింద తడి చేరితే, మిగిలిన కాస్త మేరలోనే కరెంటంతా దూరి అక్కడా కాలుస్తుంది. పెద్ద సిద్ధాంతమేమీ కాదు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. అయినా థియేటర్లలో తరచూ వినిపించే మాట ‘పవర్ పెంచండి’. మామూలు సెట్టింగులో కాటరీ పనిచేయడం లేదంటే ముందు చూడాల్సింది ప్లేటును, దాని తీగను. ప్లేటు సరిగా అంటుకోనప్పుడు పవర్ పెంచితే ఆ పెంచినదంతా రోగి తొడకే.

1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ ఈ యంత్రాన్ని తొలిసారి వాడినప్పుడు, దాన్ని తయారుచేసిన విలియం బోవీ పక్కనే నిలబడి నడిపించాడు. బోవీ డాక్టర్ కాదు, భౌతికశాస్త్రం తెలిసిన మనిషి. కోసే చెయ్యి ఒకరిది, కరెంటు సంగతి తెలిసిన బుర్ర ఇంకొకరిది. యంత్రం చిన్నదై, చవకై ప్రతి థియేటర్‌కూ చేరే క్రమంలో రెండో మనిషి తప్పుకున్నాడు. అతని జ్ఞానం మొదటి మనిషికి చేరిందా అన్నది దశాబ్దాలపాటు ఎవరూ అడగలేదు.

అడిగినప్పుడు వచ్చిన జవాబు ఇబ్బందికరంగానే ఉంది. అమెరికాలో ఎండోస్కోపిక్ సర్జన్ల సంఘం ‘సేజెస్’ తన నాయకత్వంలోని 48 మందికి ఈ విషయంపై 11 ప్రశ్నల పరీక్ష పెట్టింది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం మధ్యస్థ స్కోరు 59 శాతం. రోగి ఒంటి మీద మంటలు లేస్తే సరిగా ఏం చేయాలో 31 శాతం మందికి తెలియదు. పేస్‌మేకర్ ఉన్న రోగికి ఏ పరికరం తక్కువ ఆటంకమో చెప్పలేకపోయినవారూ 31 శాతమే. పిల్లలకు ప్లేటు పెద్దదైతే కత్తిరించి అంటించవచ్చని 10 శాతం మంది అనుకున్నారు. అలా కత్తిరించడమంటే వెడల్పును తగ్గించి, కాలే ముప్పును పెంచడమే. పదిమందిలో ఒకరే కదా అనిపించవచ్చు. కానీ ఈ పదిమందీ ఇతరులకు పాఠాలు చెప్పేవాళ్లు. ఆ తర్వాతే సేజెస్ ‘ఫ్యూజ్’ పేరుతో ప్రత్యేక పాఠ్యక్రమం, పరీక్ష తెచ్చింది.

అక్కడి పెద్దలకే ఆ స్కోరు వస్తే భారత్‌లో ఎంతన్నది ఊహించడం అనవసరం. ఇక్కడా ఈ విద్య అబ్బే దారి అదే. పీజీ విద్యార్థి సీనియర్ పక్కన నిలబడి చూస్తాడు, ఏ పెడల్ ఎప్పుడు తొక్కాలో నేర్చుకుంటాడు. కోసేందుకు పసుపు పెడల్, రక్తం ఆపేందుకు నీలం పెడల్. నీలం అంటే మెత్తనిది, భద్రమైనదన్న భావం అలాగే తలకెక్కుతుంది. నిజానికి అదే పవర్‌లో నీలం పెడల్ వోల్టేజి పసుపు దానికన్నా చాలా ఎక్కువ. తొడుగులో సన్నని పగులున్నా అది దూకుతుంది. సీనియర్‌కు తెలియని సంగతి జూనియర్‌కు తెలిసే అవకాశం ఈ పద్ధతిలో లేదు.

పగులు మాట అసలు ప్రాణం మీదికొచ్చేది లాపరోస్కోపీలో. ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా 1990లో దేశంలో తొలిసారి ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారు. ఇప్పుడది పట్టణాల నర్సింగ్ హోముల్లోనూ మామూలే. కెమెరా చూపేది పరికరం మొననూ, దాని చుట్టూ కొద్ది మేరనూ. పొడవాటి కాడలో ఎక్కువ భాగం తెరకు బయటే ఉంటుంది. దాని మీది ఇన్సులేషన్ కడగడంలో, స్టెరిలైజ్ చేయడంలో అరిగి ఒకచోట చిట్లితే, కరెంటు అక్కడి నుంచి పేగులోకి దూకవచ్చు. తెర మీద ఏమీ కనిపించదు. ఇన్సులేషన్ చెక్కుచెదరకున్నా, దాని గుండా పక్కనున్న లోహంలోకి కరెంటు ప్రేరేపితమయ్యే వీలుంది. మొన దేనికీ తగలకుండా గాల్లో ఉండగా పెడల్ తొక్కితే ఆ ముప్పు మరీ ఎక్కువ.

కాలిన పేగు వెంటనే చిల్లు పడదు. ఆ భాగం చచ్చుబడి ఊడేందుకు రోజులు పడుతుంది. ‘చిన్న కోత, రెండో రోజే ఇంటికి’ అన్న హామీ ప్రకారం రోగి అప్పటికే ఊరు చేరి ఉంటాడు. జ్వరం, కడుపుబ్బరం, వాంతులు. దగ్గర్లోని డాక్టర్ గ్యాస్ అనుకుంటాడు. ముదిరాక వేరే పెద్దాసుపత్రిలో పొట్ట తెరుస్తారు. మొదటి సర్జన్‌కు ఈ కబురు అందవచ్చు, అందకపోవచ్చు. అందినా అది కరెంటు చేసిన పనా, కత్తెర తగిలిందా అన్నది తేల్చడం కష్టం. తప్పు చేసినవారికి తప్పు తిరిగి కనిపించని చోట అనుభవం ఎంత పెరిగినా జ్ఞానం పెరగదు.

మంటల సంగతి ఇంతకన్నా సూటిగా ఉంటుంది. చర్మానికి పూసిన స్పిరిట్ ద్రావణం ఆరకముందే గుడ్డలు కప్పేసి కాటరీ మొదలుపెడితే, కింద చేరిన ఆవిరి అంటుకుంటుంది. పొడి చర్మం మీదైతే కనీసం మూడు నిమిషాలు ఆగాలని ఇలాంటి ద్రావణాల తయారీదారులే చెబుతారు, జుట్టున్న చోట ఇంకా ఎక్కువసేపు. ముఖం, మెడ ఆపరేషన్లలో మాస్కు నుంచి ఆక్సిజన్ కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. ఇది సర్జన్, మత్తు డాక్టర్, నర్సు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇక చట్టాల సంగతి. వైద్య పరికరాల నిబంధనలు-2017 ప్రకారం ఎలక్ట్రోసర్జరీ యంత్రం ప్రమాదం కాస్త ఎక్కువున్న ‘సి’ తరగతిలోకి వస్తుంది. 2023 అక్టోబర్ 1 నుంచి ఆ తరగతి పరికరాల తయారీకీ, దిగుమతికీ లైసెన్సు తప్పనిసరి. అంటే యంత్రం ప్రమాదకరమని ప్రభుత్వమే ఒప్పుకుంది. దాన్ని వాడేవారికి ఏం తెలిసి ఉండాలన్నది ఆ నిబంధనల పని కాదు. జర్మనీలో ఇలాంటి పరికరాల వాడకంపై శిక్షణ పొందకుండా ముట్టుకోకూడదని నిబంధనే ఉంది. ఇక్కడ అమాసి, ఐయేజెస్ వంటి సంఘాల లాపరోస్కోపీ కోర్సుల్లో దీనిపై పాఠం ఉంటుంది, కానీ అది ఇష్టపడి చేరినవారికే.

డబ్బు లెక్కా ఉంది. అంటించి పారేసే ప్లేటు ఒకసారి వాడేందుకే తయారైనది. ఆరోగ్యశ్రీ అయినా, ఆయుష్మాన్ భారత్ అయినా ఒక ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ ఇస్తాయి. ప్లేటు ఖర్చు అందులోంచే పోవాలి. జిగురు తగ్గిన ప్లేటుకు టేపు వేసి మళ్లీ వాడాలన్న ఆశ అక్కడే పుడుతుంది. ఇంకో వింత ఉంది. కొత్త యంత్రాలు ప్లేటు ఊడుతుంటే పసిగట్టి అలారం మోగించి ఆగిపోతాయి. ప్లేటు రెండు భాగాలుగా ఉంటేనే ఆ కాపలా పనిచేస్తుంది. లక్షలు పోసి ఆ యంత్రం కొని, దానికి పాత ఒంటి ప్లేటు తగిలిస్తే కాపలాదారుకు జీతమిచ్చి నిద్రపుచ్చినట్టే.

పరికరాల వల్ల జరిగే హాని నమోదు కోసం 2015 జులైలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టర్లు, నర్సులు రాసి పంపడం స్వచ్ఛందం. రాయాలంటే ముందు అది కాటరీ గాయమని గుర్తుపట్టాలి, అంటే సమస్య మళ్లీ జ్ఞానం దగ్గరికే వస్తుంది. రాస్తే కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం సరేసరి. జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టర్‌పై క్రిమినల్ నేరం నిలుస్తుంది. తోటి వైద్యులు మామూలుగా పాటించే ప్రమాణమే కొలబద్ద. ఆ ప్రమాణమే తక్కువైతే రోగికి దిక్కేమిటన్న ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు వెతకడం కష్టం. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రుల్లో కాలినవారికైతే వినియోగదారుల కమిషన్ గడప కూడా లేదు. 1995లో శాంతా కేసు తీర్పు వాటిని ఆ చట్టానికి బయటే ఉంచింది.

థియేటర్‌లో ఈ విషయం ఎక్కువ తెలిసినవారు చాలాచోట్ల ప్లేటు అంటించే స్టాఫ్ నర్సు, ఓటీ టెక్నీషియన్. అలారం ఎందుకు మోగిందో వారికి తెలుస్తుంది. ‘పవర్ పెంచండి’ అన్న సర్జన్‌తో ‘ముందు ప్లేటు చూద్దాం సార్’ అనగలిగే వాతావరణం ఎన్నిచోట్ల ఉందో ఆ గదుల్లో పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. పరికరాలతో ఇబ్బందులున్నాయా అన్న ఒక సాధారణ ప్రశ్న తప్ప, ప్లేటు గురించీ, స్పిరిట్ ఆరిందా అన్నదాని గురించీ వాటిలో లేదు. స్థానిక అవసరాలను బట్టి అంశాలు చేర్చుకోవచ్చని ఆ సంస్థే చెబుతోంది. ఈ రెండు వరుసలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆసుపత్రి సూపరింటెండెంట్ సంతకం చాలు. సేజెస్ అదే 11 ప్రశ్నలను ఒక కోర్సుకు ముందూ తర్వాతా పెట్టి చూసింది. తర్వాత స్కోర్లు బాగా పెరిగాయి.