పీకిన చోటికే మళ్లీ వెళ్లాలి

చేలో కలుపు ఒక్కసారి తీస్తే పోదని కలుపు తీతకు వెళ్లే ఏ ఆడకూలీని అడిగినా చెబుతుంది. తొలి కలుపు తీసిన కొన్నాళ్లకే మలి కలుపు తీయాలి. లేదంటే మొదట పెట్టిన కూలి డబ్బులు మట్టిపాలే. పొలంలో ఇంత గట్టిగా తెలిసిన సంగతి అడవి దగ్గరకు వచ్చేసరికి మరిచిపోతున్నాం. పర్యావరణ దినోత్సవం నాడు నలభై యాభై మంది స్వచ్ఛందంగా వెళ్లి కంప కొడతారు. వాళ్ల చెమట నిజమైనదే, మనసూ మంచిదే. కానీ నాలుగు వానలు పడేసరికి అక్కడ కలుపు మునుపటికంటే ఒత్తుగా లేస్తుంది. కంప పోయి ఎండ తగిలింది, గడ్డపారలతో మట్టి గుల్లయింది. ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతున్న కలుపు గింజలకు కావలసిందీ అదే.

ఈ కలుపులో చాలా భాగం మనుషులు తెచ్చిపెట్టిందే. మనం తలంబ్రాల మొక్క అని పిలుచుకునే లంటానా 19వ శతాబ్దం మొదట్లో తోటల్లో పూల అందం కోసం ఈ దేశానికి వచ్చింది. సర్కారు తుమ్మ కథ మనకు మరీ దగ్గరిది. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను నాటింది మన కడప ప్రాంతంలోనే. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందని నాటారు. ఈనాటికీ ఎందరో పేదల పొయ్యి దాంతోనే వెలుగుతోంది, అది కాదనలేం. కానీ చెరువు గర్భాలనూ బీళ్లనూ మింగేసింది కూడా అదే. ఇక వయ్యారిభామ 1955 ప్రాంతంలో పుణేలో కంటపడింది, ఇప్పుడు అది లేని ఊరు లేదు.

పులులు తిరిగే మన అడవుల్లో 40 శాతానికి పైగా లంటానా వ్యాపించిందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దాని పొదల కింద గడ్డి మొలవదు. గడ్డి లేని చోట జింక నిలవదు. పశువులు ఆ ఆకు తింటే జబ్బుపడతాయి.

ఇదే లంటానా ఆస్ట్రేలియానూ పీడిస్తోంది. సిడ్నీలోని మోస్‌మన్‌లో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు ఉండేవారు. 1960వ దశకంలో తమ ఇంటికి దగ్గరలోని ఆష్టన్ పార్కు అడవిలో కలుపు పీకడం మొదలుపెట్టారు. ఎవరూ పురమాయించలేదు, జీతమూ లేదు. పొదలన్నీ ఒక్కసారిగా నరికేసిన చోట కలుపే తిరిగి రాజ్యమేలడం గమనించి, వాళ్లు పనిని తలకిందులు చేశారు. కలుపు దట్టంగా ఉన్న చోటును వదిలేసి, అడవి ఇంకా ఆరోగ్యంగా ఉన్న చోట మొదలుపెట్టారు. మంచి నేలలో అక్కడొకటి ఇక్కడొకటి మొలిచిన పరాయి మొక్కను వేరుతో సహా తీసి, కదిలిన మట్టిని అదిమి, పైన రాలుటాకులు తిరిగి కప్పేవారు. అక్కడ అడవి తనంతట తాను కోలుకున్నాకే మరో నాలుగడుగులు ముందుకు. ఎంత వేగంగా పని చేయాలో మనిషి కాదు, స్థానిక మొక్కలు నిర్ణయించాలి అన్నది వాళ్ల పద్ధతిలో కీలకం. 1971లో ఆ పద్ధతి పుస్తకంగా వచ్చింది. ఇవాళ ఆస్ట్రేలియాలో అడవుల పునరుద్ధరణకు శ్రమిస్తున్న స్వచ్ఛంద బృందాలకు అదే తొలి పాఠం.

మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన లేకపోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో లంటానా మీద ఒక తేలిక పద్ధతిని పరీక్షించింది. లంటానాను పైపైన నరికితే ఒక్క కొమ్మ చోట పది పిలకలు వేస్తుంది. అందుకే నేలకు రెండు మూడు వేళ్ల లోతున తల్లివేరును తెగ్గొడతారు. తర్వాత పొదను ఎత్తి, వేర్లు ఆకాశం వైపు ఉండేలా బోర్లా పడేస్తారు. కొమ్మలు నేలకు తగిలి మళ్లీ వేళ్లూనకుండా అలాగే ఎండిపోతుంది. పని అంతటితో తీరదు. పిట్టలు లంటానా నల్లటి పండ్లు తిని చెట్ల మీద వాలి రెట్ట వేస్తాయి కాబట్టి, పెద్ద చెట్ల కింద లేచే చిన్న మొలకలను వానాకాలంలో వెతికి వెతికి తీయాలి. చూపు, ఓపిక ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది. యంత్రం చేయలేదు, ఒక రోజు వచ్చి వెళ్లేవాళ్లూ చేయలేరు.

గురుగ్రామ్ పౌరులు ఆ ఓపిక చూపించారు. గనులు తవ్వి వదిలేసిన సుమారు 390 ఎకరాల నేలలో సర్కారు తుమ్మే దట్టంగా ఉండేది. 2010 నుంచి పౌరులు, నిపుణులు, నగరపాలక సంస్థ కలిసి ఆరావళికి చెందిన చెట్లను తిరిగి నిలబెట్టారు. అదే ఆరావళి జీవవైవిధ్య పార్కు. అటవీ శాఖ రక్షిత ప్రాంతం కాకపోయినా, జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న చోటుగా 2022లో దానికి ప్రత్యేక గుర్తింపు దక్కింది. అంటే పన్నెండేళ్ల కాపలా.

మన హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు లాంటి చోట ఎవరైనా కత్తి పట్టుకుని లోపలికి వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అక్కడి మొక్కను తొలగించాలన్నా అనుమతి ఉండాలి. తెలియనివాళ్లు కలుపనుకుని మన మొక్కనే పీకేస్తారు. పైగా పొదలన్నీ ఒకేసారి తీసేస్తే వాటిలో తలదాచుకునే పిట్టలకు నీడ పోతుంది. చిన్న చిన్న మళ్లుగా, ఏళ్ల మీద తీయమనడానికి ఇదొక కారణం. 2022లో ఆ చట్టానికి చేసిన సవరణ దురాక్రమణ జాతులను తొలిసారి నిర్వచించింది. కానీ అది దిగుమతి, వ్యాపారం, వ్యాప్తి మీద నియంత్రణ గురించి. ఇప్పటికే నాటుకుపోయినదాన్ని తీసే చేతులకు దారి చూపాల్సింది అటవీ శాఖే.

దీనికి భారీ పథకం అక్కర్లేదు. ఒక్కో స్వచ్ఛంద బృందానికి పావు ఎకరం చొప్పున గుర్తించి, అయిదేళ్లకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఏది తీయాలో, ఏది ముట్టుకోకూడదో చూపించడానికి మొక్కలు తెలిసిన సిబ్బంది ఒకరు వెంట ఉండాలి. వయ్యారిభామ లాంటివి పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే తీయించాలి. ఒంటికి తగిలితే దురద, కొందరికి ఉబ్బసం కూడా వస్తాయి కాబట్టి చేతి తొడుగులు ఇవ్వాలి. నాటిన మొక్కలకు ఏటా లెక్కలు చెబుతున్న ప్రభుత్వాలు, కలుపు తీసిన మడిలో ఏడాది తర్వాత ఏం మొలిచిందో కూడా రాయించాలి.

స్వచ్ఛందంగా వెళ్లే మిత్రులకు ఒక్క విన్నపం. ఈ ఆదివారం ఎంత కంప తీశారన్నది పక్కన పెట్టండి. వచ్చే నెల అదే పావు ఎకరానికి తిరిగి వెళ్లండి.